గోడ నెమ్ము, రొమ్ము నెమ్ము

గోడలోని చెమ్మకూ, రొమ్ములో చేరే జబ్బుకూ మనవారు నెమ్ము అను ఒక్క పేరే పెట్టినారు. ఆ రెంటికీ గల చుట్టరికము నాకు తిత్లీ తుఫాను తరువాత గాని పూర్తిగా తెలియలేదు. 2018 అక్టోబరు 11న అది శ్రీకాకుళం జిల్లా పలాస వద్ద తీరము దాటినది. కొన్నాళ్ళకు ఉద్దానంలో ఒక బాలునికి ఉబ్బసమునకు తాళీసాది చూర్ణము తేనెతో ఇచ్చితిని. నెల దాటినను ఆయాసము తగ్గలేదు. ఇంటికి వెళ్ళి చూడగా మంచము వెనుక గోడ నిండా నల్లని బూజు! తల్లి రోజూ తలుపులు మూసి వేపాకు, సాంబ్రాణి పొగ వేయుచున్నది. వేయుమన్నది నేనే.

శ్వాసరోగ కారణములలో ధూళినీ, పొగనూ చరకుడే చెప్పినాడు. గురుకులంలో కంఠస్థము చేసియు మరచితిని. పొగ పరిమళమిచ్చునే గాని గోడను ఆరబెట్టదు. చెమ్మ ఉన్నంతకాలము బూజు మరల పుట్టును.

కనుక ముందు కప్పు కారుటను మాన్పించవలెను. కిటికీలు తెరచి, మంచమును గోడకు ఎడముగా జరుపవలెను. బూజును పొడి చీపురుతో దులిపినచో ఇల్లంతా ఎగురును. ముక్కుకు గుడ్డ కట్టుకొని సబ్బునీటి తడిగుడ్డతో తుడువవలెను. ఆ సమయమున ఉబ్బసరోగి ఇంట ఉండరాదు. గోడ బాగుగా ఆరిన పిదపనే సున్నము. (బూజు పట్టిన వేరుశనగలను గీకి వాడుట పొదుపు కాదు, పారవేయుడు.)

బాలుని మంచము వరండాలోకి మార్పించి, పొగ మాన్పించితిని. ఆసుపత్రివారిచ్చిన పీల్చు మందును మానవద్దంటిని. సంక్రాంతికి సున్నము వేసినారు. అప్పటికి అతడు రాత్రులు కూర్చుండక, పడుకొని నిద్రించుచుండెను.