నమూనా పరీక్షకు ముందే నిబంధనల పరీక్ష

బిలాస్‌పూర్: ఐదో తరగతి పిల్లలకు నమూనా పరీక్షలు నిర్వహించడం దేశంలోని అనేక పట్టణాలలో తలిదండ్రుల నిత్య వ్యాపకంగా మారింది. పాత ప్రశ్నపత్రాల జిరాక్స్ ప్రతులు, జవాబులు గుర్తించే ఓఎంఆర్ పత్రాలు, ఒక గడియారం, నలుగురైదుగురు పిల్లలు కూర్చోవడానికి ఒక గది ఉంటే చాలు, పరీక్షా కేంద్రం సిద్ధం. జవహర్ నవోదయ విద్యాలయాలు, సైనిక్ పాఠశాలల ఆరో తరగతి ప్రవేశ పరీక్షలే ఈ శ్రమకంతటికీ లక్ష్యం. ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రమైన బిలాస్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మాత్రం ఇందులో ఒక అదనపు చిక్కు ఉన్నది. పిల్లవాడికి ఎన్ని మార్కులు వస్తాయన్న దానికంటే ముందు, అతడు ఏ జిల్లావాడు, ఏ రాష్ట్రంవాడు, ఏ బడిలో ఏ తరగతి చదివాడు అన్న ప్రశ్నలు అతడి అవకాశాన్ని నిర్ణయిస్తున్నాయి.

నవోదయ నిబంధనలనే తీసుకుందాం. ఒక్కో విద్యాలయంలో ఆరో తరగతిలో గరిష్ఠంగా 80 సీట్లు ఉంటాయి. వాటిలో కనీసం 75 శాతం గ్రామీణ అభ్యర్థులకు కేటాయిస్తారు. గ్రామీణ అభ్యర్థి అనిపించుకోవాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు పూర్తిగా గ్రామీణ ప్రాంత పాఠశాలలోనే చదివి ఉండాలి. ఈ మూడేళ్లలో ఒక్క రోజు పట్టణ పాఠశాల హాజరుపట్టీలో పేరున్నా ఆ బాలుడిని పట్టణ అభ్యర్థిగానే పరిగణిస్తారు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఉంటూ నగరంలోని కేంద్రీయ విద్యాలయంలోనో, రైల్వే పాఠశాలలోనో చదివే పిల్లవాడు పోటీ పడగలిగేది మిగిలిన 20 సీట్లకే. అవి కూడా పట్టణ పిల్లలకు ప్రత్యేకించినవి కావు. మంచి మార్కులు తెచ్చుకున్న గ్రామీణ విద్యార్థులకూ వాటిలో చోటుంటుంది. రిజర్వేషన్లు పోగా నికరంగా మిగిలేవి ఎన్ని అన్న లెక్క వేసుకుంటే నమూనా పరీక్షలో నూటికి ఎనభై వచ్చిన ఆనందం కొంత తగ్గక తప్పదు.

ఇందులోనే ఒక విపరీతం దాగి ఉన్నది. బిలాస్‌పూర్–కట్నీ మార్గంలో బెల్గహ్నా వంటి చిన్న స్టేషన్లున్నాయి. అటువంటి చోట్ల పనిచేసే ట్రాక్‌మన్‌గాని, పాయింట్స్‌మన్‌గాని తన కుమారుడిని పల్లె బడిలోనే చదివిస్తే ఆ పిల్లవాడు గ్రామీణ కోటాకు అర్హుడవుతాడు. మంచి చదువు, శిక్షణ దొరుకుతాయన్న ఆశతో అదే తండ్రి నాలుగో తరగతిలో పిల్లవాడిని నగరంలోని బడికి మార్చితే, ఆ క్షణమే 80 సీట్ల పోటీ నుంచి 20 సీట్ల పోటీకి నెట్టినట్లవుతుంది. శిక్షణ కోసం చేసిన ప్రయత్నమే అవకాశాన్ని హరించడం విచిత్రమే అయినా, నిబంధన పెట్టిన ఉద్దేశం తప్పనలేం. పట్టణ వసతులు అందని పిల్లల కోసమే ఈ విద్యాలయాలు పుట్టాయి.

నవోదయ పథకం 1985–86లో హర్యానాలోని ఝజ్జర్, మహారాష్ట్రలోని అమరావతిలలో రెండు ప్రయోగాత్మక పాఠశాలలతో మొదలైంది. అప్పుడు కేంద్రంలో మానవ వనరుల అభివృద్ధి శాఖ పి.వి.నరసింహారావు చేతిలో ఉండేది. ఆంధ్రప్రదేశ్‌లో 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో తొలి గురుకుల పాఠశాల వెలసినప్పుడు కూడా ఆయన పాత్ర ఉన్న సంగతి తెలుగు పాఠకులకు విదితమే. పల్లెలోని ప్రతిభావంతుడిని ఏరి, ఉచితంగా వసతి, భోజనం, పుస్తకాలు ఇచ్చి చదివించాలన్నది రెండింటి వెనుక ఉన్న ఆలోచన. 2024 డిసెంబర్‌లో కేంద్ర మంత్రివర్గం మరో 28 నవోదయ విద్యాలయాలకు ఆమోదం తెలిపింది. వాటిలో ఏడు తెలంగాణకు దక్కాయి. అప్పటికే మంజూరైనవి 661. సంఖ్య పెరిగినా సూత్రం మారలేదు: జిల్లాకు చెందిన పిల్లలకే ఆ జిల్లా విద్యాలయం.

బిలాస్‌పూర్ జిల్లా విద్యాలయం మల్హార్‌లో ఉన్నది. అభ్యర్థి ఆ జిల్లా నివాసి అయి ఉండి, అక్కడే ఐదో తరగతి చదువుతూ ఉండాలి. అయితే జిల్లా సరిహద్దులే స్థిరంగా లేవు. పూర్వపు బిలాస్‌పూర్ నుంచి 1998లో కోర్బా, జాంజ్‌గీర్–చాంపా, 2012లో ముంగేలి, 2020లో గౌరేలా–పెండ్రా–మర్వాహీ వేరుపడ్డాయి. పెండ్రారోడ్‌లో పనిచేసే ఉద్యోగికి బిలాస్‌పూర్ బదిలీ అయితే డివిజన్ మారదు గాని పిల్లవాడి జిల్లా మారుతుంది. రైల్వే పటం వేరు, రెవెన్యూ పటం వేరు.

ఇక సైనిక్ పాఠశాలల సంగతి. ఛత్తీస్‌గఢ్‌లో అంబికాపూర్ సైనిక్ పాఠశాల 2008లో ప్రారంభమైంది. ఆంధ్రప్రదేశ్‌లో 1962 నాటి కోరుకొండ, 2014 నాటి కలికిరి పాఠశాలలున్నాయి. వీటిలో 67 శాతం సీట్లు పాఠశాల ఉన్న రాష్ట్రం వారికి, 33 శాతం ఇతర రాష్ట్రాల వారికి కేటాయిస్తారు. ఛత్తీస్‌గఢ్ స్థానికత పత్రం ఉన్న తెలుగు బాలుడు అంబికాపూర్‌లో స్వరాష్ట్రుడు, కోరుకొండలో పరాయివాడు. ఆంధ్ర పత్రం ఉంటే ఇది తలకిందులవుతుంది. తాతగారి ఊరు విజయనగరం పక్కనే అయినా నిబంధనకు ఆ సెంటిమెంటుతో పనిలేదు. ఫీజులోనూ పెద్ద తేడా ఉన్నది. సైనిక్ పాఠశాల ఖర్చు ఏడాదికి లక్ష రూపాయలు దాటుతుంది. రాష్ట్ర ప్రభుత్వాలిచ్చే ఉపకార వేతనాలకు స్థానికతే ఆధారం. నవోదయలో 9 నుంచి 12 తరగతుల వరకు ప్రభుత్వ ఉద్యోగుల పిల్లల నుంచి విద్యాలయ వికాస నిధికి నెలకు రూ.1,500, లేదా తండ్రికి అందే పిల్లల విద్యా భత్యం, రెండింటిలో ఏది తక్కువైతే అది వసూలు చేస్తారు. ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు మినహాయింపు ఉన్నది. ఆ భత్యం 2024 జనవరి నుంచి నెలకు రూ.2,812.50 అయినందున రైల్వే ఉద్యోగికి ఇది మోయలేని భారం కాదు.

స్థానికత ప్రశ్న ఇంత జటిలం కావడానికి రైల్వే చరిత్రే కారణం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, నాగపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ వరకు వేసిన మార్గం 1891 నాటికి పూర్తయింది. రాయపూర్–విజయనగరం మార్గం 1931లో పూర్తికావడంతో ఉత్తరాంధ్ర నుంచి ఈ ప్రాంతానికి రాకపోకలు సులువయ్యాయి. 1955లో ఏర్పడిన ఆగ్నేయ రైల్వేలో వాల్తేరు, బిలాస్‌పూర్ డివిజన్లు రెండూ ఉండేవి. ఒకే జోన్‌లో బదిలీ కోరుకుని స్వస్థలానికి చేరువ కావడం అప్పట్లో సాధ్యమయ్యేది. 2003లో బిలాస్‌పూర్ కొత్త జోన్‌కు కేంద్రం కాగా వాల్తేరు తూర్పు కోస్తా రైల్వేలో కలిసింది. ఇప్పుడు సొంత కోరికపై జోన్ మారితే సీనియారిటీలో అట్టడుగున చేరవలసి వస్తుంది. ఫలితంగా వచ్చినవారు ఇక్కడే ఉండిపోతున్నారు. వారి మనవలకు తెలుగు మాట వచ్చుగాని, తెలుగు అక్షరాలు అంతగా రావు. సైనిక్ పాఠశాలల ఆరో తరగతి పరీక్షను తెలుగు సహా 13 భాషలలో రాయవచ్చు. హిందీలోనో ఇంగ్లీషులోనో చదువుకున్న బిలాస్‌పూర్ పిల్లవాడికి ఆ వెసులుబాటు ఎంతవరకు అక్కరకొస్తుందో తలిదండ్రులే తేల్చుకోవాలి.

రిజర్వేషన్ పత్రాలది మరో కథ. ఒక రాష్ట్రంలో షెడ్యూల్డు తెగగా గుర్తింపు ఉన్నంత మాత్రాన వలస వెళ్లిన రాష్ట్రంలో ఆ హోదా వర్తించదని 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. మహారాష్ట్రలో వైద్య సీటు కోరిన ఆంధ్ర విద్యార్థి మర్రి చంద్రశేఖరరావు కేసు అది. వెనుకబడిన తరగతుల కేంద్ర జాబితాలు కూడా రాష్ట్రాలవారీగానే ఉంటాయి. విజయనగరంలో చెల్లిన కులపత్రం బిలాస్‌పూర్‌లో చెల్లుతుందని ధీమాగా ఉండటం ప్రమాదకరం.

ఈ లెక్కలన్నీ తేలిన తరువాతే నమూనా పరీక్షకు అర్థముంటుంది. ఏ పరీక్షకు సిద్ధం కావాలన్నది ముందు తెలియాలి. రెండు పరీక్షలూ ఒకటి కావు. నవోదయలో రెండు గంటల్లో 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో సగం మార్కులు మానసిక సామర్థ్యానివి. ఆ 40 ప్రశ్నలూ బొమ్మలే: జతకానిది గుర్తించడం, అద్దంలో ప్రతిబింబం, మడిచి చిల్లు పెట్టిన కాగితం విప్పితే ఎలా ఉంటుందో ఊహించడం వంటివి. మిగిలిన సగం అంకగణితం, భాష సమానంగా పంచుకుంటాయి. సైనిక్ పరీక్షలో రెండున్నర గంటలకు 125 ప్రశ్నలు, 300 మార్కులు. గణితానిదే అందులో సగం. బుద్ధికుశలతకు దక్కేది ఆరో వంతు మాత్రమే. అక్కడ ఒక్కో సబ్జెక్టులో 25 శాతం, మొత్తంమీద 40 శాతం రావాలి. నవోదయలో ప్రశ్నకు ఒకటిన్నర నిమిషం దొరికితే సైనిక్‌లో దొరికేది నిమిషం పన్నెండు సెకన్లు. బొమ్మల ప్రశ్నలలో ఆరితేరిన పిల్లవాడు లెక్కలలో వెనుకబడి ఉండవచ్చు. ఒకే నమూనా పత్రంతో రెండింటికీ తర్ఫీదు ఇస్తున్నామనుకోవడం భ్రమ.

వయసు సంగతి కూడా గమనార్హం. సైనిక్ ఆరో తరగతికి 10 నుంచి 12 ఏళ్ల వయసు ఉండాలి గనుక కొందరికి మరుసటి ఏడాది మళ్లీ రాసే వీలుంటుంది. నవోదయకు రెండోసారి లేదు. జీవితంలో మొదటిసారి ఓఎంఆర్ పత్రం చూసేది అసలు పరీక్షలోనే అయితే, తెలిసిన జవాబు కూడా తప్పు వృత్తంలో పడే ప్రమాదముంది. బాల్‌పెన్నుతో ఒకసారి గుర్తించినది చెరిపి మార్చడానికి నవోదయ నిబంధనలు ఒప్పుకోవు. బడిలో పెన్సిలు, రబ్బరుతో అలవాటుపడిన పిల్లలకు ఇది కొత్త. తలిదండ్రులు ఏర్పాటుచేసే పరీక్ష నిజంగా ఉపకరించేది ఇక్కడే. కొత్త పాఠం నేర్పడంలో కాదు, కొత్తచోట రెండు గంటలు కదలకుండా కూర్చోవడంలో, రాని ప్రశ్నను వదిలి ముందుకు సాగడంలో. రుణాత్మక మార్కులు లేవు గనుక ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలనక్కరలేదన్న సంగతి కూడా చాలామంది పిల్లలకు నమూనా పరీక్షలోనే తెలుస్తుంది. ఇందుకు నాలుగైదు పరీక్షలు చాలు. ప్రతి ఆదివారం ఒకటి పెట్టి, మార్కుల జాబితా గోడకు అంటించడం ర్యాంకుల పిచ్చిని పదేళ్లకే దిగుమతి చేసుకోవడమే.

ప్రభుత్వ విధానంలోనూ పొంతన కొరవడింది. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రవేశాలలో వడపోత పరీక్షలను నిషేధించింది. అదే చట్టం నవోదయ, సైనిక్ పాఠశాలలను ప్రత్యేక కేటగిరీగా పేర్కొన్నది. వాటి ప్రవేశ పరీక్షలు కొనసాగుతూనే ఉన్నాయి. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ 16 ఏళ్లలోపు పిల్లలను కోచింగ్ కేంద్రాలు చేర్చుకోరాదని మార్గదర్శకాలు జారీచేసింది. అయితే అందులోని నిర్వచనం ప్రకారం 50 మందికి మించి విద్యార్థులున్నదే కోచింగ్ కేంద్రం. పదేళ్ల వారికి పరీక్ష పెట్టేది ప్రభుత్వమే, వారికి శిక్షణ కూడదనేదీ ప్రభుత్వమే.

విదేశాల అనుభవం కూడా ఊరట కలిగించేదేమీ కాదు. బ్రిటన్‌లో 1944 చట్టం తరువాత వ్యాపించిన పదకొండేళ్ల వయసు పరీక్ష చాలా ప్రాంతాలలో రద్దయినా, ఇంగ్లండ్‌లో 163 గ్రామర్ పాఠశాలలు మిగిలే ఉన్నాయి. వాటి చుట్టూ నమూనా పరీక్షల వ్యాపారమూ సాగుతున్నది. దక్షిణ కొరియా 1968లో మాధ్యమిక పాఠశాల ప్రవేశ పరీక్ష రద్దును ప్రకటిస్తే, పోటీ పై తరగతికి తరలిపోయింది. ఆ పరీక్షను మార్చడానికి 1974లో మరో సంస్కరణ అవసరమైంది.

నలుగురు తలిదండ్రులు కలిసి ఖర్చు లేకుండా పెట్టుకునే పరీక్ష, వేల రూపాయల కోచింగ్ కంటే మేలే. కానీ జిరాక్స్ తీయించి, జవాబులు దిద్ది, తప్పులు వివరించగల తల్లి లేదా తండ్రి ఉన్న ఇంటికే ఇది పరిమితమైతే, పక్క క్వార్టర్‌లోని ట్రాక్‌మన్ పిల్లలకు, కాంట్రాక్టు కార్మికుల పిల్లలకు దక్కేదేమీ లేదు. గుర్తుంచుకోవలసినది మరొకటి: గ్రామీణ కోటాలో వారి పిల్లల అవకాశమే మెరుగు. బెల్గహ్నా వైపు నుంచి వచ్చే పిల్లవాడికి ఆ హాలులో ఒక కుర్చీ వేసినంత మాత్రాన కాలనీ పిల్లవాడి 20 సీట్లకు అదనంగా వచ్చే ముప్పు స్వల్పమే. ఆ పిల్లవాడిని మూడో తరగతికి పట్నం బడికి తేవద్దని అతడి తండ్రికి చెప్పగలిగినవారు కూడా ఈ నిబంధనలు చదివిన ఆ తలిదండ్రులే. ఆ మాట చెప్పవలసినది పరీక్షకు నెల ముందు కాదు, పిల్లవాడు రెండో తరగతిలో ఉండగానే.