రెండో ట్యాంకు పెట్టించాకే అడ్వాన్సు ఇద్దాం

నేను చదివింది తమిళ బళ్ళో. తెలుగు రాయడం రిటైరయ్యాక మనవరాలి వాచకం ముందు పెట్టుకుని నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

ఈసారి కూడా అలెప్పీకే టూరు అన్నారు, సంతోషం. కానీ పోయినసారి పోయిన ఆ పాత హౌస్‌బోటునే బాడుగకు మాట్లాడుతున్నారట. ఆ రోజు జరిగింది అందరికీ తెలుసు, గ్రూపులో మాత్రం ఎవరూ రాయలేదు. భోజనాలు కాకముందే మరుగుదొడ్డి ట్యాంకు నిండిపోయింది. బోటు కుర్రాడు వాల్వు తిప్పి అంతా కాయల్‌లోకి వదిలేశాడు. ఇరవై అడుగుల దూరంలో ఒకమ్మ మెట్లమీద కూర్చుని గిన్నెలు కడుగుతోంది. ఆమె తలెత్తి మనల్ని చూసి, గిన్నెలన్నీ ఎత్తుకుని లోపలికి పోయింది. ఆ తర్వాత మన ఆడవాళ్ళు సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళు తాగలేదు. వాళ్ళలో షుగరు ఉన్నవాళ్ళు కూడా ఉన్నారు.

ఇప్పుడు బోటు ఓనరు ఇంకో ట్యాంకు పెట్టిస్తాను, 3,000 ఎక్కువ ఇవ్వండి అంటున్నాడు. 'అంత పెద్ద కాయల్, కొంచెం పడితే ఏమవుతుంది' అని కమిటీలో ఒకరిద్దరు అన్నారట. రైల్వేలో మేమూ ఏళ్ళ తరబడి అదే మాట అన్నాం. పట్టాలమీద పడితే ఏమవుతుందో ఆఫీసులో కూర్చున్న గుమాస్తాకు తెలియదు, రోజూ ఆ పట్టాల వెంట నడిచే గ్యాంగ్‌మన్‌కు తెలుసు. తర్వాత పాత పెట్టెలకు కూడా కింద బయో ట్యాంకులు బిగించారు. 2016లో మన రామేశ్వరం–మానామదురై 114 కిలోమీటర్ల లైను దేశంలో మొదటగా అలా శుభ్రమైంది. పాత పెట్టెకు పెట్టగలిగినప్పుడు పాత బోటుకు పెట్టలేరా?

లెక్క చూడండి. మనం 24 మందిమి. పగలంతా మనిషికి నాలుగుసార్లు, సారికి 4 లీటర్లు అనుకుంటే 384 లీటర్లు. ఉన్న ట్యాంకు 200 లీటర్లది. ఇంకో 200 పెడితే మొత్తం 400, అంటే అంచుకు వచ్చేస్తుంది. అందుకే కొత్తది 250కి తగ్గకూడదు.

అయితే ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టేస్తే కుదరదు. 250 లీటర్లు నిండితే 250 కిలోల పైమాటే. నలుగురు పెద్దమనుషులు ఒకే మూల కూర్చున్నట్టు. పక్కకు పెడితే బోటు ఒరుగుతుంది, ముక్కువైపు పెడితే ముందు దిగుతుంది. అడుగున, నడిమధ్యకు దగ్గరగా ఉండాలి, కదలకుండా పట్టీలు వెయ్యాలి. గాలి గొట్టం వేరుగా, లావుగా ఉండాలి. గాలి ఆడకపోతే వాసన ఎక్కువవుతుంది. ఎంత నిండిందో బయటికి తెలియాలి. పోయినసారి కుర్రాడికి అదే తెలియలేదు, పాపం వాణ్ణి మాత్రం తిట్టాం.

ఇంకొక మాట. ట్యాంకు దాచిపెడుతుందే గాని మురికిని మాయం చెయ్యదు. రాత్రి మనం దిగిపోయాక అదే వాల్వు తిప్పేస్తే 3,000 ఇచ్చి ఏం లాభం? వేంబనాడు 2002 నుంచి రామ్‌సర్ జాబితాలో ఉన్న సరస్సు. చుట్టూ కుట్టనాడు జనం ఆ నీళ్ళమీదే బతుకుతారు. హౌస్‌బోట్ల మురుగు కోసం కుప్పప్పురంలో శుద్ధి కేంద్రం కట్టారు. టూరు తర్వాత అలాంటి చోట ఖాళీ చేసిన రసీదు చూపించాకే మిగతా డబ్బు ఇస్తామని ముందే చెప్పాలి.

నా వంతు ఎక్కువైన డబ్బు ఇప్పుడే కట్టేస్తాను. ఎవరైనా ఒకరు ముందే అలెప్పీ పోయి బోటు చూసి రావాలి. పాసు ఉంది, నేనే పోతాను. టేపు తీసుకెళ్ళి ట్యాంకు కొలిచి, ఫోటో తీసి ఇక్కడ పెడతాను.