పరిహారం లెక్కలోకి రాని చాకిరీ

బొగ్గుగని ప్రమాదాలు అనగానే మనకు చావులే గుర్తుకొస్తాయి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. 2021 నవంబరు 10న శ్రీరాంపూర్ ఎస్సార్పీ-3 గనిలో పైకప్పు కూలి నలుగురు చనిపోయారు. అటువంటి రోజుల్లో నాయకులు వస్తారు, సంఘాలు ధర్నా చేస్తాయి, పరిహారం ఎంతో ఆ రాత్రికే తేలుతుంది. నడుము విరిగి బతికినవాళ్ల సంగతి ఒకటి రెండు రోజుల తర్వాత ఎవరికీ పట్టదు. వాళ్లను బతికిస్తున్న ఆడవాళ్ల గురించి మన పత్రికల్లోనూ రాసింది తక్కువే.

మంచిర్యాలలో ఒక అద్దె గదిలో నేను కలిసిన ఆమెకు ముప్పై ఏళ్లు దాటలేదు. భర్త కాంట్రాక్టు కార్మికుడు. పనిలో వెన్నెముకకు దెబ్బ తగిలి నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. “తెల్లారి నాలుగింటికి లేస్త అక్కా. ఆయనను ఇటు పక్కకు అటు పక్కకు తిప్పుతనే ఉండాలె, లేకుంటె పుండ్లు వడ్తయి. మల్ల మూత్రం పైపు చూడాలె, బట్టలు మార్వాలె. గంటసేపు బజారుకు పోవాలన్నా పక్కింటామెను కూసోబెట్టి పోవాలె” అంది. అంతకుముందు ఆమె బట్టల దుకాణంలో పనికి పోయేది. ఆ పని మానేసింది. పరిహారం కాగితాలు చూపించింది. వాటిలో అతని వయసుంది, జీతముంది, వైకల్యం శాతముంది. ఆమె మానేసిన పని గానీ, ఇప్పుడు రాత్రింబవళ్లు చేస్తున్న పని గానీ ఎక్కడా లేవు.

ఇది ఏ గుమాస్తానో మర్చిపోవడం వల్ల జరిగింది కాదు. చట్టమే ఆ లెక్కను అలా కట్టింది.

1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం 2009 సవరణతో ఉద్యోగుల నష్టపరిహార చట్టం అయింది. దాని ప్రకారం పని చెయ్యడానికి శాశ్వతంగా, పూర్తిగా పనికిరాకుండా పోయిన కార్మికుడికి నెలజీతంలో 60 శాతాన్ని వయసుకు సంబంధించిన గుణకంతో హెచ్చవేసి ఇస్తారు. చనిపోతే 50 శాతం. అయితే ఆ నెలజీతం కార్మికుడు నిజంగా తీసుకునే జీతం కాదు. ఎంత జీతం వచ్చినా ప్రభుత్వం ప్రకటించిన పరిమితి వరకే లెక్కలోకి వస్తుంది. ఆ పరిమితి 2000 డిసెంబరులో 4,000 రూపాయలు, 2010 మేలో 8,000, 2020 జనవరిలో 15,000 అయింది. ధరలు ఏటా పెరుగుతుంటే ఇది పదేళ్లకొకసారి కదిలింది.

ముప్పై ఏళ్ల కార్మికుడికి గుణకం 207.98. 15,000లో 60 శాతం 9,000. హెచ్చవేస్తే 18,71,820 రూపాయలు. అతని జీతం 15,000 అయినా 60,000 అయినా చట్టం ఇచ్చేది అంతే. ఆ డబ్బంతా బ్యాంకులో వేసి ఏడాదికి ఆరు శాతం వడ్డీ వస్తుందనుకుంటే నెలకు సుమారు 9,360 రూపాయలు. ఇంటి అద్దె, పిల్లల చదువు, మందులు, అతన్ని చూసుకునే మనిషి ఖర్చు, అన్నీ అందులోనే.

అదే మనిషి అదే గాయంతో రోడ్డు మీద పడ్డాడనుకుందాం. తప్పు ఎదుటి వాహనానిదని రుజువైతే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ అతని అసలు జీతాన్నే చూస్తుంది. 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు స్థిరపరిచిన పట్టిక ప్రకారం 26 నుంచి 30 ఏళ్ల వయసుకు గుణకం 17. నెలకు 60,000 జీతమైతే, పూర్తిగా పనిచెయ్యలేని స్థితికి సంపాదన నష్టమే 1,22,40,000 అవుతుంది. చికిత్స ఖర్చు, బాధకు పరిహారం, సహాయకుల ఖర్చు వేరు. 2020 ఫిబ్రవరిలో తీర్పు వచ్చిన కాజల్ కేసులో, ప్రమాదంలో మెదడు తీవ్రంగా దెబ్బతిన్న పన్నెండేళ్ల బాలికకు ఇద్దరు సహాయకులు అవసరమని సుప్రీంకోర్టు గుర్తించింది. నెలకు 10,000 చొప్పున, 18 గుణకంతో, ఆ ఒక్క పద్దు కిందే 21,60,000 ఇచ్చింది. గని కార్మికుడి చట్టంలో అటువంటి పద్దే లేదు. 2009 సవరణ చికిత్సకైన అసలు ఖర్చు తిరిగి ఇప్పించింది, అది మంచి మార్పే. కానీ ఆసుపత్రి గడప దాటి మంచం ఇంటికి చేరిన తర్వాత జరిగేదంతా చట్టం దృష్టిలో ఖర్చు కాదు.

పరిమితిని సమర్థించేవాళ్ల వాదన తీసిపారేసేది కాదు. ఈ చట్టం కింద యజమాని తప్పును కార్మికుడు రుజువు చెయ్యనక్కర్లేదు. ప్రమాదం పని వల్ల, పనిలో జరిగిందని చూపిస్తే చాలు. కాంట్రాక్టరు ఇవ్వకపోతే అసలు యజమాని ఇవ్వాలి. నెలలోపు ఇవ్వకపోతే వడ్డీ, ఆలస్యానికి సరైన కారణం లేకపోతే 50 శాతం దాకా జరిమానా కూడా ఉంటాయి. త్వరగా, తగాదా లేకుండా డబ్బు రావడానికి బదులుగా కార్మికుడు పూర్తి పరిహారం వదులుకున్నాడు, అదీ ఒప్పందం. ఈ చట్టం కింద కమిషనరు దగ్గర క్లెయిము వేసినవాళ్లు అదే గాయానికి సివిల్ కోర్టుకు పోలేరు కూడా.

కానీ ఆ ఒప్పందంలో వదులుకున్నది ఎవరి వాటా? నష్టం పరిమితి దగ్గర ఆగదు కదా. పరిమితికి పైన మిగిలిన నష్టాన్ని ఎవరో ఒకరు భరించాలి. యజమాని భరించడు, ప్రభుత్వం భరించదు. ఆ ఇంటి ఆడమనిషి తన నిద్రతో, తన కూలితో, తన నడుము నొప్పితో భరిస్తుంది. దానికి మనం భార్య ధర్మమని పేరు పెట్టుకున్నాం. అందుకే అది ఖర్చుగా కనబడదు. పర్మనెంటు కార్మికుల కుటుంబాలకు వేతన ఒప్పందాల ద్వారా డిపెండెంటు ఉద్యోగం వంటివి కొన్నయినా ఉన్నాయి. కాంట్రాక్టు కార్మికుడి భార్యకు ఈ చట్టమే మొదలు, ఇదే చివర.

దీన్ని కొత్తగా మనం కనిపెట్టలేదు. ఎప్పుడూ మరొకరి సాయం కావలసిన కార్మికుడికి అదనపు పరిహారం ఇవ్వాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 17వ ఒప్పందం 1925లోనే చెప్పింది. దాన్ని భారతదేశం ఆమోదించలేదు.

స్త్రీ ఈ చట్టంలో అసలు కనబడదనీ కాదు. 8వ సెక్షన్‌లో కనబడుతుంది. ‘స్త్రీకి గానీ, చట్టరీత్యా అశక్తత ఉన్న వ్యక్తికి గానీ’ ఏకమొత్తంగా ఇచ్చే పరిహారాన్ని నేరుగా ఇవ్వకూడదు, కమిషనరు దగ్గర జమచెయ్యాలి. ఆమె మేలు కోసం దాన్ని ఎలా మదుపు చెయ్యాలో, ఎలా వాడాలో ఆయన నిర్ణయించవచ్చు. మైనర్లూ మతిస్థిమితం లేనివాళ్లూ ఉన్న వరుసలోనే ఎదిగిన స్త్రీని నిలబెట్టారు. డబ్బును బంధువులూ వడ్డీవ్యాపారులూ లాక్కోకుండా ఈ ఏర్పాటు కొందరిని కాపాడి ఉండవచ్చు. రక్షణ కావాలంటే అడిగినవాళ్లందరికీ ఇవ్వవచ్చు, స్త్రీ అయినందుకు ఇవ్వనక్కర్లేదు. ఒక మనిషిని ఏళ్ల తరబడి ఒంటిచేత్తో బతికించగలదని ఆమె మీద వదిలేసినవాళ్లే, ఆ మనిషి తాలూకు డబ్బు సంగతి వచ్చేసరికి ఆమెకు తెలివి చాలదనుకున్నారు.

ఇక్కడ మన మిత్రులే ఒక సందేహం వెలిబుచ్చుతారు. సేవకు వెల కడితే స్త్రీని ఆ మంచానికి మరింత గట్టిగా కట్టేసినట్టు కాదా అని. ఇంటిచాకిరీకి జీతం గురించి జరిగిన పాత చర్చే ఇది. నేను అడుగుతున్నది ఆమె త్యాగానికి బహుమానం కాదు. గాయపడిన మనిషికి సహాయకుడి ఖర్చు ఇవ్వమని. ఆ డబ్బుంటే ఆమె ఒక మనిషిని పెట్టుకుని పనికి పోవచ్చు, లేదా తానే చేసి ఆ డబ్బు తీసుకోవచ్చు. ఇప్పుడు ఆమెకు ఆ రెండు దారులూ లేవు.

2025 నవంబరు 21 నుంచి 1923 చట్టం స్థానంలో 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. శాతాలు, గుణకాల పద్ధతి అలాగే ఉంది. లెక్కలోకి వచ్చే జీతం ఎంతో నోటిఫికేషన్ ద్వారా నిర్ణయించే అధికారమూ కేంద్రం చేతిలోనే ఉంది. అంటే పరిమితిని మార్చడానికి పార్లమెంటు దాకా కూడా పోనక్కర్లేదు. కాబట్టి మన సంఘాలు అడగాల్సినవి స్పష్టంగా ఉన్నాయి. అసలు జీతం మీదే పరిహారం కట్టాలి. అది సాధించేదాకా పరిమితి ఏటా ధరలతో పాటు పెరగాలి. మరొకరి సాయం లేకుండా బతకలేనివాళ్లకు సహాయకుడి ఖర్చు వేరే పద్దుగా, నెలనెలా రావాలి. స్త్రీని అశక్తుల వరుసలో పెట్టిన మాట ఏ చట్టంలో, ఏ నియమంలో ఉన్నా తీసెయ్యాలి.

ఈలోగా మనం చెయ్యగలిగింది ఒకటుంది. క్లెయిము దరఖాస్తులు రాసిపెట్టేది చాలాచోట్ల మనమే. అతని వయసు, జీతం రాసి ఊరుకోవద్దు. ఆమె ఎన్ని గంటలు ఏ పని చేస్తోందో, ఏ సంపాదన పోగొట్టుకుందో కూడా రాసి జతచేద్దాం. కమిషనరు దానికి డబ్బు ఇవ్వలేకపోవచ్చు. మంచిర్యాలలో, మందమర్రిలో, గోదావరిఖనిలో అటువంటి కాగితాలు వందకు చేరితే, రేపు పరిమితి గురించి అడగడానికి వెళ్లినప్పుడు మన చేతిలో సాక్ష్యం ఉంటుంది.