చంద్రమతిని ఎవరడిగారు?



సంక్రాంతి వెళ్ళాక రాజోలు వైపు ఒక ఊళ్ళో తీర్థానికి 'సత్య హరిశ్చంద్ర' పెట్టారు. పేపరు పని మీద వెళ్ళినవాణ్ణి, తెల్లారేదాకా కూర్చుండిపోయాను. మా అబ్బాకి డి.వి. సుబ్బారావు కేసెట్లంటే ప్రాణం. ఫజర్ నమాజుకి లేచే మనిషి, ఇషా తర్వాత కాటి సీను పెట్టుకుని వినేవారు. ఉర్దూ మీడియంలో చదివిన నేను డిగ్రీలో తెలుగు తీసుకున్నానంటే సగం ఆ కేసెట్ల పుణ్యమే. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలో కాటి సీనుకి జాషువా పద్యాలు వచ్చి కలిశాయని కాలేజీలో తెలిసింది. అంటరానివాడని గెంటేసిన కవి పద్యాన్ని రాజు వేషం కట్టినవాడి నోట విని జనం వన్స్‌మోర్ అంటారు. అదీ మన ఆంధ్ర.

ఆ రాత్రి మాత్రం కాశీలో అమ్మకం సీను దగ్గరే నా మనసు ఆగిపోయింది. పక్క చాప మీద ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. సీను అయ్యాక అంది: "నా కూతురు కూడా కువైట్‌లో ఉందండి. పంపింది నేనే."

ఇక నాటకం ఎలా చూడను?

కథ అందరికీ తెలిసిందే. రాజు మాట ఇచ్చాడు. రాజ్యం పోయింది, బాకీ మిగిలింది. విశ్వామిత్రుడు తను రాడు, నక్షత్రకుణ్ణి వెంట పంపుతాడు. ఆ బాకీకి కాశీ బజార్లో ముందు అమ్ముడుపోయింది ఎవరు? చంద్రమతి. కొన్నది కాలకౌశికుడు. కాల్చుకు తిన్నది వాడి పెళ్ళాం కలహకంఠి. తర్వాతే హరిశ్చంద్రుడు వీరబాహుడికి అమ్ముడుపోయి కాటికాపరి అయ్యాడు. మాట మొగుడిది, బాకీ మొగుడిది, వేలం పెళ్ళానిది. వందేళ్ళుగా మనం చప్పట్లు కొడుతున్నది హరిశ్చంద్రుడి సత్యానికి.

ఇప్పుడు మన కోనసీమకి రండి. అమలాపురం, రాజోలు, కొత్తపేట, ఏ బస్టాండులో నిలబడ్డా చెబుతారు, ఫలానా ఇంట్లో ఆడమనిషి కువైట్‌లో ఉంది, మస్కట్‌లో ఉంది, దుబాయ్‌లో ఉంది అని. కొడుకు ఆటో ఫైనాన్సు, మొగుడి ఆసుపత్రి బిల్లు, కూతురి పెళ్ళి. మన ఇళ్ళలోనైతే జహేజ్, జోడే కీ రఖమ్. ఆ బాకీకి నక్షత్రకుడు ఏజెంటు రూపంలో వస్తాడు. "ఆజాద్ వీసా" అంటాడు. ఆజాదీ అన్న మాటకి ఇంతకంటే బేఇజ్జతీ ఉందా? అక్కడ దిగగానే పాస్‌పోర్టు కఫీల్ బీరువాలోకి పోతుంది. ఫోను మేడమ్ చేతిలోకి పోతుంది. భరించలేక గోడ దూకితే "ఖల్లివెల్లి" అయిపోతుంది. జీతం ఎగ్గొట్టినవాడు దర్జాగా ఉంటాడు, పారిపోయిన మనిషి ముజ్రిమ్ అవుతుంది.

ఈ మాట రాస్తే నాకు రెండు జవాబులు వస్తాయి. రెండూ మనవాళ్ళ నుంచే.

మొదటిది: "ఆమె ఇష్టపడే వెళ్ళింది కదా." భాయ్, పురాణంలో చంద్రమతి కూడా తనను అమ్మమని తనే అంటుంది. బాకీవాడు గుమ్మంలో కూర్చున్నప్పుడు, బిడ్డ ఆకలితో ఏడుస్తున్నప్పుడు ఆడమనిషి "సరే" అంటే దాని పేరు రజామందీ కాదు, మజ్‌బూరీ. నికాహ్‌లో అమ్మాయి మర్జీ లేకుండా ఖుబూల్ చెల్లదని వాదించే మనం, వీసా కాగితం మీద వేలిముద్ర దగ్గర ఆ సవాల్ ఎందుకు వెయ్యం?

రెండోది ఇంకా ఘాటు: "అరబ్బుల ఐబులు బయటపెడితే మనమే బద్‌నామ్ అవుతాం. దుష్మన్లకి ఆయుధం ఇస్తున్నావు." మన పేరు చెడగొట్టడానికి కాచుకున్నవాళ్ళు ఉన్నారు, నాకూ తెలుసు. కానీ మజ్లూమ్ నోరు మూసి కాపాడుకునే ఇజ్జత్ ఇస్లాందా, కఫీల్‌దా? హజ్రత్ బిలాల్ పేరు పిల్లలకి పెట్టుకుంటాం. ఆయన్ని కాలే ఇసుకలో పడుకోబెట్టి గుండెల మీద బండ పెట్టిన ఉమయ్యా కూడా అరబ్బే. కొని ఆజాద్ చేసిన హజ్రత్ అబూబక్ర్ కూడా అరబ్బే. మనం ఎవరి వారిసులం?

బుఖారీ షరీఫ్‌లో హదీసే ఖుద్సీ ఉంది. ఖయామత్ నాడు ముగ్గురికి అల్లాహ్ స్వయంగా ముద్దయీ అవుతాడు: తన పేరు మీద మాట ఇచ్చి తప్పినవాడికి, ఆజాద్ మనిషిని అమ్మి ఆ సొమ్ము తిన్నవాడికి, కూలీతో పని చేయించుకుని మజ్దూరీ ఎగ్గొట్టినవాడికి. ఈ ముగ్గురూ కలిస్తే ఒక గల్ఫ్ వీసా తయారవుతుంది. సూరా బలద్ మెడ విడిపించడాన్నే ఎత్తైన కష్టమైన దారి అని చెప్పింది. సూరా తౌబాలో జకాత్ చెందే ఎనిమిది పద్దుల్లో గులాముల విడుదల ఒకటి, అప్పులపాలైనవాళ్ళు ఇంకొకటి. 'కఫాలత్' అంటే మన ఫిఖ్‌హ్‌లో జమానత్, బాధ్యత. యతీమ్ బిడ్డను సాకడం కఫాలత్. ఆ పాక్ మాటని పనిమనిషి కాలికి గొలుసు చేసింది షరీఅత్ కాదు, పెట్రోలు రాజ్యాల వీసా ఖానూన్. గులామీని సౌదీ 1962లో, ఒమాన్ 1970లో రద్దు చేశాయి. కాగితం మీద పోయింది, వంటింట్లో మిగిలింది.

ఇన్సాఫ్‌గా ఇదీ చెప్పాలి. మంచి సేట్లు ఉన్నారు. జీతం టైముకి ఇచ్చి, ఉమ్రా కూడా చేయించినవాళ్ళు ఉన్నారు. గల్ఫ్ డబ్బుతో తాటాకిల్లు తీసి స్లాబు వేసుకున్న ఇళ్ళు మన లంకల్లో ఎన్నో. కానీ మంచి యజమాని దొరకడం తఖ్దీర్. హఖ్ అనేది తఖ్దీర్ మీద నడవకూడదు. కువైట్ 2015లో ఇంటిపనివాళ్ళకి 68వ నంబరు చట్టం చేసింది. వారానికో సెలవు, రోజుకి 12 గంటలు మించని పని అందులో ఉన్నాయి. నాలుగు గోడల మధ్య అది అమలవుతోందా అని అడగాల్సింది ఆమెను పంపిన దేశం. 2018లో తమ ఆడకూతురి శవం కువైట్‌లో ఒక ఫ్రీజర్‌లో దొరికితే ఫిలిప్పీన్స్ కార్మికుల్ని పంపడం ఆపేసి, పాస్‌పోర్టు పనిమనిషి దగ్గరే ఉండాలని ఒప్పందం రాయించుకుంది. మన సర్కారు 30 ఏళ్ళు దాటని ఆడవాళ్ళు ఇంటిపనికి వెళ్ళకూడదని రూలు పెట్టింది. నక్షత్రకుడు విజిట్ వీసా తెచ్చాడు. రూలు ఫైల్లోనే ఉంది.

మన ఇంటి సంగతీ అడుగుతాను, కోపం వద్దు. మీ గిన్నెలు తోమే ఆమెకి వారానికి ఎన్ని సెలవులు? ఈద్ నాడు ఆమె ఎన్నింటికి ఇంటికి వెళ్ళింది? ఇంటిపనివాళ్ళ హక్కుల కోసం 2011లో జెనీవాలో 189వ కన్వెన్షన్ వచ్చింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. కలహకంఠి కువైట్‌లోనే ఉంటుందనుకోవద్దు.

నేను అడిగేది పెద్ద ఇన్‌ఖిలాబ్ కాదు. జుమా ఖుత్బాలో ఏడాదికి ఒక్కసారైనా ఈ హదీసు వినిపించమని ఇమామ్ సాహెబ్‌ని అడగండి. మహల్లాలో ఏ ఆడమనిషి బయల్దేరినా ఏజెంటుకి సర్కారు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్‌లో కమిటీ కుర్రాళ్ళు చూడాలి. పాస్‌పోర్టు, వీసా జిరాక్సు, కఫీల్ ఫోన్ నంబరు మసీదు రిజిస్టరులో ఉండాలి. చిక్కుకున్నవాళ్ళ టికెట్టుకి బైతుల్‌మాల్‌లో ఒక పద్దు తెరవాలి. దళిత అక్క అయినా, కాపు చెల్లి అయినా, మన ఆపా అయినా సరే. జకాత్ మస్‌అలా ఉలమా తేలుస్తారు, సదఖాకి ఎవరూ అడ్డు చెప్పరు. అన్నిటికంటే ముందు జోడే కీ రఖమ్ అడిగే ఇంటికి నికాహ్ దావత్‌కి వెళ్ళడం మానండి. సగం వేలం అక్కడే ఆగుతుంది.

నాటకం చివర్లో హరిశ్చంద్రుడు కత్తి ఎత్తగానే దేవతలు దిగుతారు, కత్తి పూలదండ అవుతుంది, చచ్చిన లోహితుడు లేస్తాడు. ఆ ఊళ్ళో కూడా అప్పుడు జనం లేచి చప్పట్లు కొట్టారు. చాప మీద ఆవిడ కొట్టలేదు. ఫోను చేతిలో పట్టుకుని చూస్తోంది. కూతురికి శుక్రవారం శుక్రవారం ఫోను ఇస్తారట. నాలుగు శుక్రవారాలయింది, ఫోను రాలేదు.

రేపు జుమా.