మొండిఘటాలు అనకండి

మన హాస్టళ్ళలో ఏటా నలుగురైదుగురు పిల్లలకు ఒక పేరు పడిపోతుంది. 'మొండిఘటం', 'దొంగ', 'పారిపోయేవాడు', 'నోట్లో నాలుక లేనిది'. ఆ తర్వాత వాళ్ళ అసలు పేరు హాజరు పట్టీలోనే మిగులుతుంది. వీళ్ళకు చదువు చెప్పాల్సింది ఎవరని అడిగితే హాస్టల్ వాళ్ళు బడిని చూపిస్తారు, బడి వాళ్ళు తల్లిదండ్రులను చూపిస్తారు. ఆ తల్లిదండ్రులేమో పత్తి చేలోనో, ఇటుక బట్టీ దగ్గరో ఉంటారు. మా అభిప్రాయం ఒక్కటే. ఈ పనిలో మొదటి వంతు మనది. సీనియర్లది, ఈ హాస్టల్ అన్నం తిని బయటికి వెళ్ళిన పూర్వ విద్యార్థులది.

మేం ఈ మాట ఊరికే అనడం లేదు. పీజీలో చేరినప్పటి నుంచి మాలో కొందరం వారానికి మూడు సాయంత్రాలు దగ్గర్లోని ప్రీ మెట్రిక్ హాస్టళ్ళకు వెళ్ళి ఆరు, ఏడు తరగతుల పిల్లలకు చదువు చెబుతున్నాం. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా మొదట అందుకున్నది మేమే. చదువు చెప్పడం మాకెవరూ నేర్పలేదు. ఆ పిల్లలే నేర్పారు.

మొదటి నెల వాళ్ళు మాకు పరీక్ష పెట్టారు. పుస్తకం విసిరారు, పాఠం మధ్యలో లేచి వెళ్ళారు, మా యాసను వెక్కిరించారు. కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఆ పరీక్షలో ప్రశ్న ఒక్కటే: 'వీళ్ళు కూడా నాలుగు రోజులు వచ్చి మానేసేవాళ్ళేనా?' దానికి మాటల్లో జవాబు లేదు. చెప్పిన రోజున, చెప్పిన వేళకు వెళ్ళి కూర్చోవడమే జవాబు.

ఏడో తరగతి కుర్రాడొకడు నోటు పుస్తకం తెరవమంటే చాలు, పక్కవాడితో తగువు పెట్టుకునేవాడు. కొన్ని వారాల తర్వాత తెలిసింది, వాడికి గుణింతాలు రావు. చదవడం రాదని నలుగురికీ తెలియడం కంటే అల్లరివాడు అనిపించుకోవడమే వాడికి నయమనిపించింది. అందరి ముందు చదివించడం మానేసి, అందరూ వెళ్ళాక పావుగంట విడిగా కూర్చోబెట్టాం. తగువులు వాటంతటవే తగ్గాయి.

'దెబ్బలు తినే మేం బాగుపడ్డాం' అనే అన్నలు మనలో ఉన్నారు. వాళ్ళ మీద గౌరవంతోనే ఒక మాట అడుగుతాం. దెబ్బలకు తట్టుకోలేక ట్రంకుపెట్టె ఎత్తుకుని వెళ్ళిపోయిన వాళ్ళ సంగతేమిటి? వాళ్ళు ఈ సంచికలో వ్యాసాలు రాయడం లేదు కదా! 2009లో చేసి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఆ చట్టం రాసింది బడుల కోసమే కావచ్చు. హాస్టల్లో అయినా బెత్తం బెత్తమే.

దొంగతనం గురించి మకరెంకో అనుభవం తెలుసుకోదగ్గది. ఆయన 1920లో ఉక్రెయిన్‌లోని పోల్టావా దగ్గర, అంతర్యుద్ధంలో దిక్కులేకుండా పోయి నేరాల్లో పడ్డ పిల్లల కోసం ఒక కాలనీ నడిపాడు. ఒకప్పుడు దొంగతనాలు చేసిన కుర్రాణ్ణే కాలనీ డబ్బులు తెచ్చే పనికి పంపాడు. ఆ కుర్రాడు డబ్బు పూర్తిగా తెచ్చి ఇచ్చాడు. మన దగ్గర అంత పెద్ద పని అక్కర్లేదు. చాక్‌పీసు డబ్బా, లైబ్రరీ బీరువా తాళం చెవి ఇచ్చి చూడండి. నమ్మకం పెట్టాక పోయేది నాలుగు చాక్‌పీసులే.

అయితే ప్రేమ ఒక్కటే అన్నీ బాగుచేస్తుందని మేం అనం. రాత్రి నిద్రలో ఉలిక్కిపడి ఏడ్చే పిల్లలు, తమను తామే గాయపరచుకునే పిల్లలు, ఇంట్లో జరిగిన ఘోరాన్ని చెవిలో చెప్పే పిల్లలు ఉంటారు. 'ఎవరికీ చెప్పను' అని వాళ్ళకు మాట ఇవ్వకూడదు. వార్డెన్‌కి, డాక్టర్‌కి చెప్పాలి. అవసరమైతే పిల్లల కోసం ఉన్న 1098కి ఫోన్ చెయ్యాలి. ప్రతి హాస్టల్‌కూ శిక్షణ పొందిన కౌన్సిలర్ క్రమం తప్పకుండా రావాలని మనం సంఘంగా అడగాలి. మన సేవ సర్కారు బాధ్యతకు బదులు కాకూడదు.

బాధ కూడా ఉంది. పండక్కి ఇంటికి వెళ్ళిన పిల్లవాడు తిరిగి రాడు. పత్తి ఏరడానికి పోయాడని కబురు వస్తుంది. ఆ రాత్రి మన పుస్తకం మనకు ఎక్కదు. కొందరి కోసం ఊరు వెళ్ళి మాట్లాడి తీసుకొచ్చాం, కొందరిని తేలేకపోయాం.

మరి దక్కేది ఏమిటి? 'అక్కా, ఇవాళ ఎందుకు లేటు?' అని ఒకప్పుడు నోరు విప్పని పిల్ల నిలదీస్తుంది. తన చేత్తో అమ్మకు ఉత్తరం రాస్తుంది. ఇవి చిన్న విషయాలు కావు. ఫూలే దంపతులు పుణేలో నడిపిన బడిలో చదువుకున్న మాంగ్ కులపు బాలిక ముక్తా సాల్వే 1855లో మాంగులు, మహార్ల దుఃఖం గురించి వ్యాసం రాస్తే, అది 'జ్ఞానోదయ' పత్రికలో అచ్చయింది. తన వాళ్ళ బాధను మరొకరు చెప్పే దాకా ఆగకుండా ఆమే చెప్పింది. చదువు చెప్పినవాళ్ళకు అంతకంటే దక్కేది ఇంకేముంది?

కాబట్టి మిత్రులారా, వార్షికోత్సవానికి వచ్చి స్టేజీ మీద సందేశం ఇచ్చి వెళ్ళిపోకండి. వారానికి ఒక్క సాయంత్రం ఇవ్వండి. ఎన్ని నెలలు రాగలరో పిల్లలకు ముందే చెప్పండి, అన్ని నెలలూ రండి. మానాల్సి వస్తే వాళ్ళ ముందే చెప్పి, మీ చోట ఇంకొకరిని కూర్చోబెట్టి వెళ్ళండి. చెప్పకుండా వెళ్ళిపోయిన వాళ్ళను ఆ పిల్లలు ఇప్పటికే చాలామందిని చూశారు.