ఆకాశంలో ఎవరు ఎవరికి దారి ఇవ్వాలి?



"రిజర్వేషన్ పైలట్ నడిపే విమానం ఎక్కుతావా?" ఈ ప్రశ్న ఈ వారం మళ్ళీ నా ఇన్‌బాక్స్‌కు వచ్చింది. రిజర్వేషన్ల మీద ఎక్కడ చర్చ మొదలైనా నాలుగో కామెంట్లో ఎవడో ఒకడు దీన్ని తెచ్చి పెడతాడు, తిరుగులేని అస్త్రం దొరికినట్టు. మా డిగ్రీ పిల్లలు కొందరు జవాబు తెలియక తలదించుకుంటున్నారు. అందుకే పైలట్ కావాలంటే ఏం చదవాలో కూర్చుని చదివాను. తెలుగు సాహిత్యం చెప్పుకునే మాస్టారికి ఇదేం పని అనకండి. చట్టాన్ని చదవడం మనకు బాబాసాహెబ్ నేర్పిన పనే.

ముందు లెక్క చూద్దాం. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 18 ఏళ్ళు నిండాలి, 200 గంటలు ఎగరాలి, క్లాస్ 1 మెడికల్ పాసవ్వాలి. నావిగేషన్, మెటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ పేపర్లు డీజీసీఏ పెడుతుంది. ప్రతి పేపర్లో 70 శాతం రావాలి. 69 వస్తే ఫెయిలే. ఆ 70 దొరగారి అబ్బాయికీ 70, మాదిగవాడ అమ్మాయికీ 70. ఉత్తరప్రదేశ్‌లోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలో చేరడానికి రిజర్వుడు సీట్లున్నాయి, నిజమే. కానీ లైసెన్సుకు కోటా ఎక్కడా లేదు. 2011లో దొంగ మార్కుల కాగితాలతో లైసెన్సులు పొందిన పైలట్లు దొరికిపోయారు గుర్తుందా? అక్కడ అడ్డదారి వేసింది డబ్బు. అప్పుడు "డబ్బున్న పైలట్ విమానం ఎక్కుతావా" అని ఎవరూ అడగలేదు.

ఇక ఎయిర్ రెగ్యులేషన్స్. 1944లో షికాగోలో దేశాలు కూర్చుని చేసుకున్న ఒప్పందం, దాని అనుబంధాలు, మన 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్, ఇవన్నీ ఇందులో ఉంటాయి. బట్టీ పట్టే సబ్జెక్టని విద్యార్థులు విసుక్కుంటారట. నాకు మాత్రం రెండో అనుబంధం దగ్గర చూపు ఆగిపోయింది. రెండు విమానాలు ఎదురెదురుగా వస్తే రెండూ కుడికి తిరగాలి. ఒక్కటే తప్పుకోవడం కాదు, రెండూ. దారులు కలుస్తుంటే తన కుడివైపున్న దానికి దారి వదలాలి. ఇంజిన్ ఉన్న విమానం గ్లైడర్‌కు దారివ్వాలి, గ్లైడర్ బెలూన్‌కు దారివ్వాలి. అంటే తనను తాను తిప్పుకోగల శక్తి ఎవరికి తక్కువో వాళ్ళకు ముందు దారి. ఆపదలో ఉన్న విమానానికైతే అందరూ తప్పుకోవాల్సిందే. యజమాని ఎవరన్న ప్రశ్నే లేదు.

ఊళ్ళో పెద్దోళ్ళ వీధి వస్తే చెప్పులు చేతబట్టుకుని, సైకిల్ దిగి నడిచిన తాతల మనవళ్ళం మనం. అక్కడ తప్పుకోవాల్సింది ఎప్పుడూ ఒక్కవైపు వాళ్ళే. ఈ రూల్ చదివినప్పుడు నాకు ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

మెరిట్ గురించి మాట్లాడేవాళ్ళు 1977 మార్చి 27న టెనెరిఫేలో జరిగింది కూడా చదవాలి. పొగమంచులో రెండు జంబో జెట్లు రన్‌వే మీద గుద్దుకుని 583 మంది చనిపోయారు. టేకాఫ్‌కు అనుమతి రాకుండానే బయల్దేరిన కెప్టెన్ ఆ సంస్థలో అందరికంటే పేరున్న శిక్షకుడు, సంస్థ ప్రకటనల్లో ఆయన ఫోటోనే వేసేవారు. అవతలి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని ఫ్లైట్ ఇంజినీర్ అనుమానం వెలిబుచ్చాడు. పెద్దాయన కొట్టిపారేశాడు. ఆ తర్వాతే కాక్‌పిట్‌లో చిన్నవాడి మాట వినడం శిక్షణలో భాగమైంది. అనుమతి ఇచ్చేటప్పుడో, రద్దు చేసేటప్పుడో తప్ప "టేకాఫ్" అన్న మాట వాడకూడదని రేడియో భాషను కూడా మార్చారు. ఒక్క మాట విలువ ఇంత! మా సాహిత్య విమర్శకులు కూడా నేర్చుకుంటే బాగుండు.

రూలు సమానంగానే ఉంది. గేటు సమానంగా లేదు. ఆ సర్కారు అకాడమీలోనే ఫీజు 40 లక్షలు దాటింది. కేంద్రం ఎస్సీ విద్యార్థుల టాప్ క్లాస్ స్కాలర్‌షిప్‌లో ప్రైవేటు ఫ్లయింగ్ క్లబ్బులకు ఏళ్ళ తరబడి పెట్టిన పరిమితి ఏడాదికి 3.72 లక్షలు. మిగతాది ఎవరు కట్టాలి? కూలికి వెళ్ళే అమ్మా? కాబట్టి "రిజర్వేషన్ పైలట్" అని భయపడేవాళ్ళు నిశ్చింతగా ఉండొచ్చు, వాడిని కాక్‌పిట్ దాకా రానిస్తే కదా.

మార్కులు తగ్గించమని నేను అడగను. ఫీజు మొత్తం ఇవ్వమని అడుగుతాను. అది వచ్చేలోపు మన చేతిలో ఉన్న పని ఒకటుంది. రాత పరీక్షలకు ఫ్లయింగ్ క్లబ్బులో చేరక్కర్లేదు. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ చదివినవాళ్ళు కంప్యూటర్ నంబర్ తీసుకుని ఇంట్లో చదువుకునే రాయొచ్చు. ఖరీదంతా ఆకాశంలో గంటలకే, నేల మీద చదువుకు కాదు. పాసైన పేపర్లకు గడువుంటుందని మాత్రం మరచిపోవద్దు. గురుకులాల్లో ఎంపీసీ చదివే పిల్లలకు వేసవి సెలవుల్లో ఎయిర్ రెగ్యులేషన్స్ తెలుగులో వివరించి, ఇంగ్లిష్‌లో రాయించడం ఎందుకు కుదరదు? పదాల పట్టిక నేను మొదలుపెట్టాను. ఫ్లయింగ్ చేసిన మనవాళ్ళు, ఎయిర్‌పోర్టుల్లో పనిచేసేవాళ్ళు ఉంటే తప్పులు దిద్దండి.

వచ్చే భాగంలో కంప్యూటర్ నంబర్‌కు ఏ కాగితాలు కావాలో రాస్తాను. ఈలోగా పదో తరగతి మెమోలోనూ ఇంటర్ మెమోలోనూ మీ పేరు, ఇంటిపేరు ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి.