హైదరాబాద్‌లో బాబాయి లేనోళ్ళ సంగతి

వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకోడానికి ఏం కావాలని ఎవరినడిగినా మూడు చెప్తారు. ఒక లాప్‌టాప్, నెట్టు, పట్టుదల. నాలుగోది ఒకటుంది. అది ఎవరూ చెప్పరు. ఎందుకంటే అది ఉన్నవాడికి తన దగ్గర అది ఉందన్న సంగతే తెలీదు. ఆ నాలుగోది, హైదరాబాద్‌లో ఒక బాబాయి.

ఈ బాబాయి పాఠాలు చెప్పడు. అంత తీరిక ఆయనకి లేదు. "ఆ కోర్సుకి డబ్బు కట్టకురా, దండగ" అంటాడు. "ముందు జావాస్క్రిప్ట్ సరిగ్గా నేర్చుకో, తర్వాత రియాక్ట్ సంగతి చూద్దాం" అంటాడు. కోడ్ ఎక్కడో ఆగిపోతే రాత్రి పదింటికి వీడియో కాల్‌లో చూసి, "అదిగో, అక్కడ బ్రాకెట్ మూయలేదు" అంటాడు. చివర్లో తన కంపెనీలో రెజ్యూమే తీసుకెళ్ళి ఇవ్వాల్సిన చేతిలో పెడతాడు. ఇవన్నీ కలిపితే నెలకి రెండు గంటలు కూడా అవదు. కానీ ఆ రెండు గంటలే ఒకడి మూడేళ్ళు మిగిలిస్తాయి.

భూమి తండ్రి నుంచి కొడుక్కి వస్తే రిజిస్ట్రారాఫీసులో కాగితం ఉంటుంది. ఈ బాబాయితనం తరం నుంచి తరానికి వస్తోంది గానీ దానికి ఏ కాగితమూ లేదు. పన్ను లేదు, లెక్క లేదు. అందుకే దాన్ని ఆస్తి అనరు, మెరిట్ అంటారు.

ఇప్పుడు మన ఆమదాలవలసకి రండి. చక్కెర ఫ్యాక్టరీ మూతపడి ఏళ్ళయింది. చదువుకున్న పిల్లలకి ఊరు చూపించే దారి ఒక్కటే, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్. విశాఖ, హైదరాబాద్, చెన్నై, ఎటైనా సరే. మా పేటల్లో డిగ్రీ పూర్తిచేసిన పిల్లల్లో చాలామంది ఇంట్లో మొదటి గ్రాడ్యుయేట్లు. ఒక పిల్లవాడు నాతో అన్న మాట చెప్తాను. "మేస్టారూ, యూట్యూబ్‌లో ఆడు సెప్పినట్టే అంతా సేసినాను. ఆడికి వచ్చింది, నాకు రాలేదు. ఎవుల్ని అడగాల?" నేను తెలుగు పాఠం చెప్పేవాణ్ణి. ఆ ప్రశ్నలో సాంకేతిక భాగం నాకు తెలీదు. కానీ "ఎవుల్ని అడగాల" అన్న భాగం నాకు బాగా తెలుసు. మన చదువుల చరిత్ర అంతా ఆ ఒక్క ప్రశ్నే.

ఏకలవ్యుడి కథ మనం సభల్లో తరచూ చెప్పుకుంటాం. గురువు చెప్పనన్నాడు, బొమ్మ పెట్టుకుని నేర్చుకున్నాడు, బొటనవేలు పోగొట్టుకున్నాడు. ద్రోణుణ్ణి తిట్టి ఆగిపోతాం. నాకెప్పుడూ ఇంకొక సంగతి తోస్తుంది. ఏకలవ్యుడు ఒంటరిగా నేర్చుకున్నాడు. తనతోపాటు బాణం పట్టినవాళ్ళు ఇంకో పదిమంది ఆ అడవిలో ఉండుంటే, వేలు అడిగిన రోజున "ఎందుకివ్వాలి?" అనడానికి పది నోళ్ళుండేవి. గదిలో తలుపేసుకుని ఫోన్‌లో వీడియోలు చూస్తూ కోడింగ్ నేర్చుకుంటున్న మన పిల్లవాడు ఈ కాలపు ఏకలవ్యుడు. వాడికి బొమ్మలకి కొదవ లేదు. లేనిది పక్కన పదిమంది.

ఆ పదిమంది కూడే పద్ధతికే ప్రోగ్రామర్ల లోకంలో యూజర్ గ్రూప్ అని పేరు. మీటప్ అన్నా అదే. నెలకో రెండు వారాలకో ఒకచోట చేరతారు. ఫీజు ఉండదు, పరీక్ష ఉండదు, గురుపీఠం ఉండదు. ఒకరు తాము చేసింది చూపిస్తారు, ఇంకొకరు తాము ఆగిపోయిన చోటు చూపిస్తారు. 1975 మార్చిలో కాలిఫోర్నియా మెన్లో పార్కులో ఒకాయన కారు షెడ్డులో హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ అని మొదలైంది. దానికి వెళ్ళినవాళ్ళలో స్టీవ్ వోజ్నియాక్ ఒకడు. మరుసటి ఏడాది యాపిల్ కంపెనీ పుట్టింది. ఆ కథని ఒంటరి మేధావుల కథగా చెప్తారు గానీ, అది ఒక షెడ్డులో కూడిన జనం కథ కూడా.

వెబ్‌కి మరో గుణం ఉంది. మన శాస్త్రాల్లాగా అది వినకూడదన్న చెవుల్లో సీసం పోయలేదు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ వెబ్ సాఫ్ట్‌వేర్‌ని ఎవరైనా వాడుకోవచ్చని లోకానికి వదిలేసింది. ఈరోజుకీ కంప్యూటర్‌లో ఏ వెబ్ పేజీ తెరిచినా, కంట్రోల్ మీట పట్టుకుని 'యు' నొక్కితే, మన బ్రౌజర్‌కి అందిన రాత మొత్తం కళ్ళముందుంటుంది. ఏ గోత్రమని అడగదు. చదువుని దాచిపెట్టడమే పెత్తనంగా నడిచిన దేశంలో ఇది చిన్న సంగతి కాదు.

అలాగని "కోడ్‌కి కులం లేదు" అనే మాట నేననను. కోడ్‌కి లేకపోవచ్చు, కోడ్ రాసే గదికి ఉంది. 2020 జూన్‌లో కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వ విభాగమే సిస్కో కంపెనీ మీద కేసు వేసింది. అక్కడి దళిత ఇంజనీరుని ఆధిపత్య కులాల నుంచి వచ్చిన పైవాళ్ళు కులం పేరుతో వేధించారన్నది అభియోగం. సముద్రాలు దాటినా ఇంటిపేరు ఆరా తీసే అలవాటు చావలేదని దాంతో లోకానికి తెలిసింది.

మీటప్ గదీ అంతే. తలుపు తెరిచే ఉంటుంది, గడప మాత్రం ఎత్తుగా ఉంటుంది. హైదరాబాద్‌లో పైథాన్ వాళ్ళకి హైదరాబాద్ పైథాన్ యూజర్ గ్రూప్ ఉంది. పైకాన్ ఇండియా అనే దేశవ్యాప్త సమావేశం 2018లోనూ 2023లోనూ హైదరాబాద్‌లోనే జరిగింది. మంచిదే. కానీ ఆమదాలవలస పిల్ల ఒక శనివారం మీటప్‌కి హైదరాబాద్ వెళ్ళాలంటే రెండు రాత్రుళ్ళు రైల్లో గడపాలి, టికెట్ డబ్బులు కావాలి, ఇంట్లో ఒప్పించాలి. అక్కడికి చేరాక అంతా ఇంగ్లీషు. అందరూ ఒకరికొకరు తెలిసినట్టే ఉంటారు. మూలన కూచుని, సమోసా తిని, ప్రశ్న అడక్కుండానే తిరిగొచ్చేస్తుంది. ఎవరూ వద్దనలేదు. కానీ ఎవరూ రమ్మననూ లేదు.

దీనికి మందేమిటో అమెరికాలో ఇద్దరు ఆడవాళ్ళు చేసి చూపించారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో రూబీ అనే ప్రోగ్రామింగ్ భాష వాళ్ళ మీటప్‌లో ఆడవాళ్ళు వందకి ఇద్దరు ముగ్గురికి మించి ఉండేవారు కాదు. 2009లో సారా మే, సారా ఆలెన్ కలిసి రైల్స్‌బ్రిడ్జ్ పేరుతో ఆడవాళ్ళ కోసం వారాంతపు ఉచిత శిక్షణలు మొదలుపెట్టారు. పాత గదిలోకి "మీరూ రండమ్మా" అని పిలిచి ఊరుకోలేదు. తమ గది తామే పెట్టుకుని, అక్కడ కాళ్ళు నిలదొక్కుకున్నవాళ్ళని పెద్ద గదిలోకి నడిపించారు. కొద్ది కాలంలోనే ఆ మీటప్‌లో ఆడవాళ్ళు 18 శాతానికి చేరారు. "మళ్ళీ వేరే గుంపెందుకు?" అని మనల్ని అడిగేవాళ్ళకి ఇదే నా జవాబు. వేరుపడిపోడానికి కాదు, లోపలికి పదిమందిమి కలిసి నడవడానికి.

మన దగ్గరా దాఖలాలున్నాయి. బెంగుళూరులో ఒక మురికివాడలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమ కార్యకర్తలు పాత కంప్యూటర్లు పోగుచేసి అంబేడ్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ నడిపారు. కూలివాళ్ళ పిల్లలు అక్కడ కంప్యూటర్ ముందు కూచున్నారు. మన తెలుగు నేల మీద 'స్వేచ్ఛ' సంస్థ వాలంటీర్లు కంప్యూటర్‌నే తెలుగులో నడిపించారు, ఇంజనీరింగ్ కాలేజీల్లో 'గ్లగ్' పేరుతో విద్యార్థి బృందాలు కట్టారు. దారి ఉంది. ఆమదాలవలస దాకా వేసుకోవడమే మన పని.

మన గదిలో భాష తెలుగే ఉండాలి. తెలుగంటే పత్రికల తెలుగు కాదు, మన తెలుగు. హెచ్‌టీఎంఎల్ ట్యాగులు ఇంగ్లీషులోనే ఉంటాయి, ఎర్రర్ మెసేజీ ఇంగ్లీషులోనే వస్తుంది. ఉండనీండి. అది ఎందుకొచ్చిందో మాట్లాడుకునే మాట మనది కావాలి. ఈ జిల్లాకి ఇది కొత్త పాఠం కాదు. 1863లో పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామ్మూర్తి సవర పిల్లలకి సవర భాషలోనే చదువు చెప్పాలని తనే ఆ భాష నేర్చుకున్నారు. అడవి బిడ్డకి తన మాటలో అక్షరం చెప్పొచ్చని నూరేళ్ళ కిందట రుజువైన చోట, మాలపేట పిల్లకి, రెల్లివీధి పిల్లాడికి తన యాసలో ఫంక్షనంటే ఏటో, లూపంటే ఏటో చెప్పలేమా?

మరి చోటు? 1924లో బాబాసాహెబ్ బహిష్కృత హితకారిణి సభ పెట్టినప్పుడు దాని ఆశయాల్లో హాస్టళ్ళు, గ్రంథాలయాలు, అధ్యయన బృందాలు ఉన్నాయి. మరుసటి ఏడాదే షోలాపూర్‌లో హాస్టల్ తెరిచారు. చదువుని వ్యక్తి ప్రతిభకి వదిలెయ్యకుండా కూడేచోటు కట్టడమే ఆయన మొదటి పని. 1960 నాటి చట్టం కింద ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం మనం. అంబేడ్కర్ భవనాలకీ, సామాజిక భవనాలకీ ఉద్యమాలు చేసి స్థలాలు తెచ్చుకున్నాం. అవి జయంతికీ వర్ధంతికీ తాళం తీసే గదులుగా ఉండిపోకూడదు. 2025 ఏప్రిల్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం విశాఖ రుషికొండ మీద 21.16 ఎకరాలు టీసీఎస్‌కి 99 పైసలకి ఇవ్వడానికి ఒప్పుకుంది. ఉద్యోగాలొస్తాయన్నారు. సరే, రానీండి. ఆ ఉద్యోగానికి మా పిల్లల్ని తయారుచేసుకోడానికి ఆదివారం మూడు గంటలు ఒక గది, నాలుగు ప్లగ్‌పాయింట్లు, నెట్టు ఇవ్వండి. అద్దె కావాలంటే మేమూ 99 పైసలు ఇచ్చుకుంటాం.

ఎలా నడపాలో నాకు తోచింది చెప్తాను. రెండో ఆదివారం, నాలుగో ఆదివారం, పొద్దున్న పది నుంచి ఒంటిగంట దాకా. పగలే పెట్టాలి. బూర్జ నుంచి, సరుబుజ్జిలి నుంచి, పొందూరు నుంచి వచ్చే ఆడపిల్లలు చీకటి పడకముందే ఇల్లు చేరాలి. ముగ్గురికో లాప్‌టాప్ ఉన్నా చాలు. అదీ లేనివాళ్ళు ఫోన్‌లోనే హెచ్‌టీఎంఎల్ రాసి ఫోన్ బ్రౌజర్‌లోనే తెరిచి చూసుకోవచ్చు. మొదటి గంట, చేసింది చూపించడం. రెండో గంట, ఆగిపోయిన చోటు విప్పడం. మూడో గంట, కొత్తది ఒక్కటి. సాయం చేసేవాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని నోటితోనే చెప్పాలి. పక్కవాళ్ళ కీబోర్డు ముట్టుకున్నారంటే నేర్చుకునేది వాళ్ళే, ఎదుటివాళ్ళు కాదు. నడిపేవాళ్ళలో సగం ఆడపిల్లలు. టీ తేవడం, గది ఊడవడం వంతులవారీగా, మేస్టార్లతో సహా.

మొదటి రోజు చేసే పేజీ ఎవరి పేట గురించి వాళ్ళదే. పేట ఎలా పుట్టింది, బావి దగ్గర ఏం గొడవయింది, ఏ ముసలమ్మకి ఏ పాటలొచ్చు. మూడోసారి కూడేసరికి గిట్‌హబ్‌లో ఖర్చు లేకుండా లోకానికి పెట్టెయ్యొచ్చు. ఉద్యోగానికి పిలిచినవాడు "నువ్వేం చేశావు?" అంటే చూపించడానికి లింకు ఉంటుంది, రాయడానికి సర్టిఫికెట్ ఒక్కటే కాకుండా.

"ఇప్పుడు ఏఐ కోడ్ రాసేస్తోంది కదా మేస్టారూ, ఎందుకిదంతా?" అని కొందరు పిల్లలు అడుగుతున్నారు. రాస్తుంది. రాసింది తప్పో ఒప్పో చెప్పేవాడు ఎవడన్నది ప్రశ్న. చిన్న పనులు యంత్రానికి పోతే, మిగిలిన పెద్ద పనులు పరిచయాలున్నవాడికే ముందు పోతాయి. అంటే బాబాయి ధర ఇంకా పెరుగుతుంది. మనకి కూడేచోటు అవసరం ఇంకా పెరుగుతుంది.

"ఉద్యమం మానేసి కోడింగ్ నేర్పుతారా?" అని ఉద్యమ మిత్రులు అడుగుతారు. ఒక్క సంగతి ఆలోచించండి. ఈ వ్యాసాలు మనం ఎక్కడ రాస్తున్నాం? వేరేవాడి గోడ మీద. రేపు వాడికి నచ్చకపోతే సున్నం కొట్టేస్తాడు. కారా మాస్టారి 'యజ్ఞం' కథలో అప్పల్రాముడి ఇంటిమీద పడ్డ నీడ కంబారితనం. మాట మనది, మంది మనవాళ్ళు, చోటు మాత్రం కంపెనీది అయినప్పుడు ఇదీ ఒక కంబారితనమే. అదే కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. తెలుగు కథలన్నీ ఒక చిన్న ఊళ్ళో పోగుచేశారు. ఇప్పుడు ఆ కథలు సొంత వెబ్‌సైట్‌లో ఏ దేశంలో ఉన్నవాళ్ళైనా చదువుకోవచ్చు. మన పోరాటాల పత్రాలకి, మన తాతల కేసు కాగితాలకి, మన పాటలకి అలాంటి సొంత చోటు ఎవరు కడతారు? మన పిల్లలే కట్టాలి. అది ఉద్యమం కాకపోతే మరేమిటి?

అందుకని చదువుతున్న మీకు నా మాట ఇది. ఈ జిల్లా నుంచి వెళ్ళి విశాఖలో, హైదరాబాద్‌లో, బెంగుళూరులో కోడ్ రాస్తున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, పండక్కి ఊరొచ్చినప్పుడు ఒక్క ఆదివారం మాకివ్వండి. రాలేకపోతే వీడియోలో రండి. పాత లాప్‌టాప్ ఉంటే అమ్మకండి, పంపండి. ఇక్కడున్న విద్యార్థులూ, మీ ఊరి గ్రంథాలయం, మీ సామాజిక భవనం తాళం ఎవరి దగ్గరుందో ఈ వారంలో కనుక్కోండి. అయిదుగురు చాలు మొదలుపెట్టడానికి. వాళ్ళల్లో ఒక్కరికి పది రోజుల ముందు నేర్చుకున్నది గుర్తుంటే చాలు, మిగతా నలుగురికీ ఆ రోజుకి ఆ ఒక్కరే బాబాయి.

జై భీమ్.